ఈ వారం ఎవులు పోయారే?

ముందే చెప్తున్నా, గేమ్ ఆఫ్ థ్రోన్స్ అనే ఇంగ్లీషు సీరియల్ ఎనిమిది సీజన్లూ చూడనివాళ్ళు, ఎప్పటికైనా చూడాలని ఆశ ఉన్నవాళ్ళు ఇక్కడే ఆగిపోండి. ఇందులో ఎవరు చచ్చారో ఎవరు బతికారో అన్నీ చెప్పేస్తాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

2019 వేసవిలో మా విజయనగరంలో ప్రతివాడూ జోస్యుడే. ఏప్రిల్ 11న పోలింగ్ అయిపోయింది, లెక్కింపేమో మే 23న. మధ్యలో 42 రోజులు. మీట నొక్కేశాం, డబ్బాకి సీలు పడింది, లోపల ఏముందో ఖాయమైపోయింది, కానీ ఎవరికీ తెలీదు. ఇంకేం కావాలి మనవాళ్ళకి? కాంప్లెక్స్ దగ్గర టీ బండి మీద, గంటస్తంభం దగ్గర, పెళ్ళి భోజనాల్లో, పలకరింపుకి వెళ్ళిన ఇంట్లో కూడా అదే మాట. సరిగ్గా ఆ 42 రోజుల మధ్యలోనే గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఆఖరి సీజన్ వచ్చి వెళ్ళిపోయింది. ఏప్రిల్ 15 సోమవారం మొదలు, మే 20 సోమవారం ఆఖరు, ఆరే ఆరు ఎపిసోడ్లు. అమెరికాలో ఆదివారం రాత్రి, మనకి సోమవారం పొద్దున్న 6:30కి. దాని షూటింగ్ 2018 జూలైలోనే ముగిసింది, అంటే అదీ సీలు పడ్డ డబ్బానే. ఊరంతా ఎవరు గెలుస్తారని కొట్టుకుంటుంటే మా ఇంట్లో ఎవరు చస్తారని కొట్టుకున్నాం, అంతే తేడా.

మా జట్టులో నేను, తమ్ముడు, దాసన్నపేట నుంచి తెల్లారేసరికి బండేసుకుని వచ్చేసే బావ. బావ అంటే మేనత్త కొడుకు, గవర్నమెంటు బడిలో టీచరు, ఏప్రిల్ 11న ఎన్నికల డ్యూటీ చేసి రెండు రోజులు కాళ్ళు పట్టేశాయని మూలిగినవాడు. అమ్మ కూడా జట్టులోనే కానీ చూసేది కాదు, వంటింట్లోంచి వినేది. ఎపిసోడ్ అయ్యాక ఉప్మా పెడుతూ, పక్కవీధి కబురు అడిగినట్టు, "ఈ వారం ఎవులు పోయారే?" అనేది. జవాబు చెప్తే "అయ్యో, ఆడా? మంచోడే పాపం" అనేది, హౌండ్ అనే కరడుగట్టిన యోధుడి గురించి కూడా.

తమ్ముడు ఒక లాంగ్ నోట్‌బుక్‌లో గళ్ళు గీశాడు. ఎడమపక్క ఇరవై రెండు పేర్లు, ఎదురుగా మూడు గళ్ళు. బతుకుతారు, పోతారు, పోయి, చచ్చినవాళ్ళని లేపే నైట్ కింగ్ దండులో మళ్ళీ లేస్తారు. ముగ్గురం ప్రతి పేరుకీ టిక్కు పెట్టి కింద సంతకం చెయ్యాలి, మొదటి ఎపిసోడ్ మొదలయ్యాక దిద్దడానికి లేదు. సీజన్ అయ్యాక ఎవరికి తక్కువ తప్పులొస్తే వాళ్ళకి మిగతా ఇద్దరూ తప్పుకో ప్లేటు చొప్పున మిరపకాయ బజ్జీలు పెట్టించాలి, మూడు లాంతర్ల దగ్గర. సైడు పందేలు వేరే.

ఇంతకు ముందు కూడా ఇలాంటి ఎదురుచూపులు చూశాం. 2015 జూన్‌లో అయిదో సీజన్ ఆఖర్న కథానాయకుల్లో ఒకడైన జాన్ స్నోని పొడిచి మంచులో పడేశారు. నెల తిరక్కుండానే, జూలై 10న, కట్టప్ప బాహుబలిని వెనక నుంచి పొడిచాడు. ఆ ఏడాది మనకి వెన్నుపోట్ల ఏడాది. జాన్ స్నో విషయంలో మా ప్రశ్న నిజంగా పోయాడా లేదా అని. ఆ నటుడు జుట్టు కత్తిరించుకోలేదు, షూటింగ్ జరిగే బెల్‌ఫాస్ట్‌లో కనపడ్డాడు, కాబట్టి బతికే ఉన్నాడని జనం తేల్చేశారు. 2016 మేలో నిజంగానే లేచాడు. కట్టప్ప విషయంలో చచ్చాడా అన్న అనుమానమే లేదు, ఎందుకు చంపాడన్నదే ప్రశ్న, దానికి 2017 ఏప్రిల్ దాకా ఆగాం. ఎందుకు అన్న ప్రశ్నకే ఎక్కువకాలం ఊరుకోలేకపోయాం అని నాకు గుర్తు.

సరే, 2019కి వస్తాను. ముగ్గురం మూడు రకాలుగా లెక్కలు కట్టాం.

తమ్ముడిది జోస్యాల పద్ధతి. సీరియల్‌కి మూలమైన పుస్తకాలు చదివాడు, వాటి మీద జనం రాసిన సిద్ధాంతాలన్నీ చదివాడు, వాడి నోట్‌బుక్‌లో రాణి సెర్సీ పేరు పక్కన గడిలో పట్టనంత రాశాడు. సంగతేంటంటే, నాలుగో పుస్తకంలో సెర్సీ చిన్నప్పుడు సోది చెప్పే ముసలిదాని దగ్గరకి వెళ్తుంది. నీ పిల్లలు నీ కళ్ళముందే పోతారు, ఆ తర్వాత వలోన్‌కార్ నీ గొంతు నులుముతాడు అంటుంది ముసలిది. వాళ్ళ పాత భాషలో ఆ మాటకి తమ్ముడని అర్థం. సెర్సీ అది చిన్న తమ్ముడు టిరియనే అనుకుని జీవితమంతా వాడిని పీక్కుతింటుంది, కానీ జేమీ కూడా తమ్ముడే, కవలల్లో సెర్సీ తర్వాత పుట్టినవాడు! కాబట్టి జేమీయే సెర్సీని చంపుతాడు, రాసుకోండి అన్నాడు మావాడు. నేను అడిగాను, సీరియల్లో అయిదో సీజన్ మొదట్లో ఆ సోది సీను చూపించారు గానీ ఈ గొంతు నులిమే ముక్క తీసేశారు కదరా అని. "అప్పా, తీసేశారంటేనే అది నిజం, ముందే తెలిసిపోకూడదని దాచారు" అన్నాడు. అదే వారం టీ బండి దగ్గర ఒకాయన "ఓటరు నోరు విప్పలేదంటే మనకే ఏసినట్టు" అనడం నేను చెవులారా విన్నాను.

బావది బదిలీల పద్ధతి. ఆయన సిద్ధాంతం ఒక్కటే, పని అయిపోయినవాడికి బదిలీ. "బడిలో చూడు, బిల్డింగు కట్టించిన హెడ్మాస్టరు బిల్డింగు అయిన ఏడాదికి ఉంటాడేటి? కథలో కూడా అంతే, ఆ మనిషితో రాసినోడికి ఇంకా ఏటి పని ఉందో చూడాల." అలా చూసి థియోన్ పోతాడన్నాడు, ఎందుకంటే తనని పెంచిన స్టార్క్ ఇంటికి చేసిన ద్రోహం తీర్చుకోవడం తప్ప వాడికి వేరే బతుకు లేదు, తీరిన రోజు ఆఖరి రోజు. జోరా పోతాడన్నాడు, డ్రాగన్ల రాణి డెనేరిస్ కోసం చావడం తప్ప ఆయనకి ఇంక మిగిలింది లేదని. జోస్యాలు చెప్పే మంత్రగత్తె మెలిసాండ్రే, రాజుల వేగులవాడు వేరిస్ కూడా పోతారన్నాడు. జాన్ స్నేహితుడు శామ్‌వెల్ బతుకుతాడన్నాడు, ఎందుకంటే ఎవరో ఒకరు ఈ కథంతా రాసిపెట్టాలి కదా అని. మేం నవ్వాం. అయిదుకి అయిదూ కొట్టాడు.

నాది ఏ పద్ధతీ కాదు. నాకు నచ్చినవాళ్ళ పక్కన బతుకుతారని, నచ్చనివాళ్ళ పక్కన పోతారని టిక్కులు పెట్టుకుంటూ పోయాను, తర్వాత ఒక్కోదానికి కారణం వెతికాను. అప్పుడు మాత్రం నేను కూడా ఏదో లెక్కలు కట్టానని గట్టిగా నమ్మాను.

ఏప్రిల్ 29 మూడో ఎపిసోడ్. చచ్చినవాళ్ళ దండుతో యుద్ధం, 82 నిమిషాలు, బయటి సీన్లకి 55 రాత్రులు చలిలో షూటింగు చేశారని చదివాం. తెరమీద చీకటి, మా హాల్లో ఏడు గంటల ఎండ. కిటికీలు మూసినా ఏమీ కనపడలేదు, ఆఖరికి టీవీకి నాన్న దుప్పటి కట్టి ముగ్గురం అందులో దూరాం. బయట ఏప్రిల్ ఉక్క, దుప్పట్లో ముగ్గురం చెమటతో తడిసి ముద్దవుతూ మంచు యుద్ధం చూశాం. ఒక్కటి మాత్రం ముగ్గురం సరిగ్గా చెప్పాం. అంతకు ముందు ఎపిసోడ్లో ప్రతివాళ్ళూ కోటకింద సమాధుల్లో దాక్కోండి, అదే భద్రం, అదే భద్రం అని అన్నిసార్లు అన్నారు. చచ్చినవాళ్ళని లేపే శత్రువు వస్తుంటే సమాధుల్లో దాక్కోవడమేంటి? లేచారు. దానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

నైట్ కింగ్‌ని స్టార్క్ ఇంటి చిన్నమ్మాయి ఆర్యా చంపుతుందని మాత్రం ఎవ్వరం రాయలేదు. ఎపిసోడ్ అవ్వగానే తమ్ముడు నెత్తి కొట్టుకున్నాడు, మూడో సీజన్లోనే మెలిసాండ్రే ఆర్యాతో నువ్వు గోధుమరంగు కళ్ళు, నీలికళ్ళు, ఆకుపచ్చ కళ్ళు మూయిస్తావని చెప్పింది, నీలికళ్ళంటే నైట్ కింగే కదా, నాకెందుకు తట్టలేదు అని. మా వాడికి ఇప్పటికీ చెప్తుంటాను, తట్టకపోవడం నీ తప్పు కాదు. ఆ సీజన్ వచ్చింది 2013లో. ఆర్యా చేత చంపించాలని దాదాపు మూడేళ్ళ క్రితమే అనుకున్నామని 2019లో తీసినవాళ్ళే చెప్పారు. అంటే ఆ మాట అన్నప్పటికి ఆ ఆలోచనే లేదు, పాత మాటకి కొత్త అర్థం తర్వాత అతుక్కుంది. చెప్పిన గుర్తులన్నీ నిజమయ్యాయని మనం మురిసిపోయేవాటిలో సగం ఇలాంటివే, అయిపోయాక వెనక్కి వెళ్ళి ఏరుకున్నవి. ఎన్నికల ఫలితాల మర్నాడు "నేనాపొద్దే అనీలేదా" అనేవాళ్ళు ఎక్కడ లేరు?

ఇంకో జోస్యం ఉంది, చీకటిని తరిమే రాకుమారుడు పుడతాడని. మెలిసాండ్రే ముందు సింహాసనం కోసం పోరాడే స్టానిస్ అంది, తర్వాత జాన్ అంది. ఏడో సీజన్లో డెనేరిస్ దుబాసీ మిస్సాండే వచ్చి, అసలు భాషలో ఆ మాటకి ఆడా మగా తేడా లేదు, రాకుమార్తె కూడా కావచ్చు అని కొత్త చిక్కు పెట్టింది. మన తెలుగులో "రాబోయేవారు" అని రాసేస్తే మొదటి రోజే గొడవ వదిలిపోయేది. చివరికి ఆ జోస్యం ఏమైందో సీరియల్లో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. దీన్ని మాత్రం నేను క్షమించను. ఏడేళ్ళు జనం చేత లెక్కలు కట్టించి, ఆఖర్న పలక తుడిచేసినట్టు చేశారు.

మే 3న ఫొని తుఫాను. పూరీ దగ్గర తీరం దాటింది గానీ ఇచ్ఛాపురం, కవిటి వైపు మన శ్రీకాకుళం జిల్లాకి కూడా గాలి దెబ్బ తగిలింది, అంతకుముందు అక్టోబరులోనే తిత్లీకి ఉద్దానంలో కొబ్బరిచెట్లు నేలకూలి ఉన్నాయి. పిన్ని వాళ్ళది అటే, ఆ రెండ్రోజులు ఫోన్లు చేసుకోవడంతోనే సరిపోయింది, నోట్‌బుక్ ఎవరూ ముట్టుకోలేదు. 6న నాలుగో ఎపిసోడ్. షూటింగువాళ్ళు బల్లమీద కాఫీ కప్పు మర్చిపోయిన ఎపిసోడ్ అదే, లోకమంతా దాని గురించే మాట్లాడింది గానీ మా ఇంట్లో మిస్సాండే పోయిందని నేను, డ్రాగన్ పోయిందని తమ్ముడు అన్నం సరిగ్గా తినలేదు.

ఇక మే 13. దీని గురించే నేను అసలు రాయాలనుకున్నది.

నా నోట్‌బుక్‌లో డెనేరిస్ పక్కన, బతుకుతుంది, సింహాసనం ఎక్కుతుంది అని పెద్దక్షరాలతో ఉంటుంది. కింద రెండు గీతలు కూడా. ఆ రోజు ఆవిడ, గంటలు మోగి ఊరు లొంగిపోయాక కూడా, డ్రాగన్ మీద కూర్చుని ఊరి జనాన్ని వీధివీధి తగలబెట్టింది. నేను అరిచాను. ఇది అన్యాయం, ఇలాంటి మనిషి కాదు, రాసినవాళ్ళు చెడగొట్టారు అని. బావ ఏమీ అనలేదు. ఫ్యాన్ కింద కూర్చుని ఉప్మా తింటూ, "నాలుగో సీజన్లో 163 మంది బానిసల యజమానుల్ని కొయ్యలకి కొట్టించినప్పుడు నువ్వేటన్నావు?" అని అడిగాడు.

చప్పట్లు కొట్టాను. వాళ్ళు బానిసల పిల్లల్ని అలా చేశారు కాబట్టి తగిన శాస్తి అన్నాను. ఏడో సీజన్లో తలవంచని టార్లీ తండ్రినీ కొడుకునీ నిలువునా కాల్చేసినప్పుడు, యుద్ధంలో అంతే కదా అన్నాను. వారం ముందు వరకూ, "ఆవిడ కాల్చింది అంతా చెడ్డవాళ్ళనే" అని వాదించాను. ప్రతిసారీ కాలినవాళ్ళు నాకు నచ్చనివాళ్ళు, అందుకని కాల్చడం నాకు కనపడలేదు. తమ్ముడిలా నేనేదో పుస్తకాల్లో గుర్తులు వెతికి మిస్సయ్యానని కాదు, కళ్ళముందు పెట్టినదానికే ప్రతిసారీ సాకు చెప్పాను. కథలో మనిషి ఏమవుతాడో తెలియాలంటే వాడి గురించి ఎవరో చెప్పిన మాటల కన్నా వాడు పదేపదే చేసే పని చూడాలి, బావ పద్ధతి అదే. జేమీ కూడా అంతే. వాడు ఎన్నిసార్లు మారాడు? మారిన ప్రతిసారీ తిరిగి సెర్సీ దగ్గరకే వెళ్ళాడు. ఆఖరిసారీ వెళ్ళాడు, గొంతు నులమలేదు, కోట కూలుతుంటే ఇద్దరూ పట్టుకుని ఆ రాళ్ళకింద పోయారు.

అలాగని తీసినవాళ్ళని వెనకేసుకు రావట్లేదు. మొదటి ఆరు సీజన్లూ పదేసి ఎపిసోడ్లు, ఏడోదానికి ఏడు, ఎనిమిదోదానికి ఆరు. వెళ్ళాల్సిన ఊరు సరైనదే, కానీ పాసింజరు బండిలో వచ్చినవాళ్ళని ఆఖరి స్టేషన్ దగ్గర తోసేసినట్టుంది. మళ్ళీ తీయండి అని 15 లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు. నేను పెట్టలేదు, పెడదామని పేజీ తెరిచి, బావ ప్రశ్న గుర్తొచ్చి మూసేశాను.

అమ్మ సంగతి చెప్పలేదు కదా. జాన్ స్నో అసలు పుట్టుక గురించి ఆవిడకి నేనే చెప్పాను, ఇలా రహస్యంగా పుట్టాడు, వేరే ఇంట్లో పెరిగాడు, అసలు రాజ్యం వాడిదే అని. మొదటి పుస్తకం 1996లో వచ్చిన కొత్తల్లోనే పాఠకులు పట్టేసిన గుట్టు అది, సీరియల్లో 2016లో గానీ బయటపడలేదు. అమ్మకి రెండు నిమిషాలు పట్టింది. "కర్ణుడే కదే" అంది. "అయితే రాజవడు. పుట్టుక తెలిసినాక కర్ణుడు రాజ్యం అడిగాడేటి? ఇస్తానన్నా వద్దన్నాడు. ఈడూ అంతే." మే 20న వాడు డెనేరిస్‌ని పొడిచి, సింహాసనం మొహం చూడకుండా ఉత్తరాదికి వెళ్ళిపోయాడు, కుర్చీ ఆర్యా అన్న బ్రాన్‌కి దక్కింది. అమ్మకి అన్నీ తెలుసనుకోకండి. "కడుపుతో ఉన్నదాన్ని కథలో చంపరే" అని సెర్సీ మీద ఆవిడ కూడా ఒక ప్లేటు ఓడిపోయింది.

ఆవిడకి ఈ వంశాల గొడవ అంత తేలిగ్గా ఎక్కడానికి వేరే కారణం ఉంది. అమ్మ పుట్టిల్లు బొబ్బిలి. నాన్నది పక్కా విజయనగరం. అంటే మా ఇంట్లో 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధం ఇంకా అయిపోలేదు. కూరలో ఉప్పెక్కువైతే "బొబ్బిలి పౌరుషం ఉప్పులో చూపించకు" అంటాడు నాన్న. "పాపారాయుడు గుడారంలోకి ఎలా వచ్చాడో గుర్తుంచుకోండి" అంటుంది అమ్మ. సిరిమానోత్సవం వస్తే మాత్రం ఇద్దరూ నోరు మూసుకుని దణ్ణం పెడతారు, పైడితల్లి అమ్మవారు విజయనగరం రాజు విజయరామరాజు చెల్లెలంటారు, యుద్ధం వద్దన్న చెల్లెలు. బొబ్బిలి కథ చిన్నప్పట్నుంచి ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ఎవరు పోతారో ఎవరు మిగులుతారో అందరికీ తెలుసు. కోట పడిపోతుంది, లోపలి ఆడవాళ్ళని మనవాళ్ళే చంపుకుంటారు, రంగారావు పసికొడుకు మిగులుతాడు, రాజాంలో ఉన్న పాపారాయుడికి కబురు వేళకి అందదు. తెలిసి కూడా అమ్మ ఆ కబురు దగ్గర ప్రతిసారీ కొంగు పట్టుకుంటుంది.

ఇదెందుకు చెప్తున్నానంటే, 2022లో దీనికి ముందుకథ హౌస్ ఆఫ్ ది డ్రాగన్ మొదలయ్యాక నోట్‌బుక్ పని చెయ్యలేదు. దాని అసలు కథ 2018లోనే పుస్తకంగా వచ్చేసింది, ఎవరు ఎప్పుడు పోతారో అందులో ఉంది. తమ్ముడు చదివేసి కూర్చున్నాడు, ఎవరి పేరెత్తినా వాడి మొహం చూసి బతుకుతారో లేదో కనిపెట్టేస్తున్నాం. రెండో సీజన్ నాలుగో ఎపిసోడ్లో రేనిస్ అనే రాకుమార్తె యుద్ధంలోకి డ్రాగన్ వెనక్కి తిప్పినప్పుడు వాడు లేచి మంచినీళ్ళకి వెళ్ళిపోయాడు, నాకు అర్థమైపోయింది. అయినా బోరు కొట్టలేదు, ఎందుకంటే ఆ పుస్తకం రాసిన తీరే వేరు. చరిత్ర రాస్తున్నట్టు, ఒక మతగురువు ఇలా జరిగిందంటాడు, ఆస్థాన పండితుడు అలా కాదంటాడు, మష్‌రూమ్ అనే విదూషకుడు ఇద్దరివీ కొట్టేసి బూతుకథ చెప్తాడు. ఎవరు పోయారన్నది ఖాయం, ఎందుకు, ఎవరి వల్ల అన్నది ఎవరికి తోచినట్టు వాళ్ళది. మా ఇంట్లో బొబ్బిలి కథ నాన్న ఒకలా అమ్మ ఒకలా చెప్పినట్టే. ఇప్పుడు మా పందేలన్నీ ఎందుకు మీదే. బావకి ఇది నచ్చలేదు, "తేలని పందానికి బజ్జీలు ఎవుడు పెడతాడు" అంటాడు.

2019 నోట్‌బుక్ లెక్క చెప్పేస్తాను. బావకి నాలుగు తప్పులు, తమ్ముడికి తొమ్మిది, నాకు పదకొండు. మే 21 సాయంత్రం నేను నా అప్పు మొదటి విడత కట్టేశాను. 23న బావ ఊళ్ళో ఇంకెవరి దగ్గరో వేరే పందెం ఓడిపోయాడు, అక్కడ బదిలీల సిద్ధాంతం పని చెయ్యలేదు, అది బజ్జీలతో తీరేది కూడా కాదు, అంతకన్నా నన్ను అడగొద్దు.

తమ్ముడు మాత్రం ఎనిమిది ప్లేట్లే కట్టాడు. తొమ్మిదోది సెర్సీది, జేమీ చేతిలో పోతుందని రాసినది. సీరియల్లో రాళ్ళకింద పోతే పోయింది గానీ పుస్తకంలో ఇంకా బతికే ఉంది కదా, జేమీ ఏం చేస్తాడో రాసినాయన రాయనీ, అప్పుడు చూద్దాం అంటాడు. అయిదో పుస్తకం 2011లో వచ్చింది, ఆరోది ఇంకా రాలేదు. మొన్న సంక్రాంతికి బెంగుళూరు నుంచి వస్తే బావ మళ్ళీ అడిగాడు. "బావా, పుస్తకం రానీ" అన్నాడు. ప్లేటు బజ్జీల ధర అప్పటికీ ఇప్పటికీ ఎంత పెరిగిందో బావ నోట్‌బుక్ అట్టమీద రాసిపెడుతున్నాడు.